జెట్టీ కింద రాగి మేకు

కత్తి మొన టేకు చెక్కలోకి దిగింది. బొటనవేలితో వెనక నుంచి నెట్టగానే సన్నటి పొట్టు చుట్టలా లేచి పక్కకు రాలింది. ఒక గీత అయింది. మేస్త్రి టేపు మీద ఇంకో సెంటీమీటరు చూసుకుని మళ్ళీ కత్తి ఆనించాడు. మూడు మీటర్ల కర్ర, మూడు వందల గీతలు. ప్రతి పదో గీత కాస్త పొడుగ్గా, ప్రతి యాభయ్యో గీత కర్ర అంచు దాకా. పొద్దున్నే మొదలుపెట్టినవాడు మధ్యాహ్నానికి నూట డెబ్బై దగ్గరున్నాడు.

"రంగు డబ్బా ఊరికే పడి ఉంది కదా, ఎందుకీ చాకిరీ?" అంది భార్య గుమ్మంలోంచి.

"ఉప్పునీళ్ళు రంగును నెల్లాళ్ళలో నాకేస్తాయి. చెక్కలో దిగిన గీతను నాకలేవు."

"నీతో కాపురం చేసి నాకూ నాలుక్కి ఉప్పు పట్టింది" అని ఆమె లోపలికి వెళ్ళింది.

ఆ వీధిలో అతన్ని మిల్లీమీటర్ అనేవారు. పడవలు కట్టడం అతని పని. బడిలో మూడేళ్ళకు మించి కూర్చోలేదు. అక్షరాల కన్నా ముందు టేపు మీది అంకెలు వచ్చాయి. చెక్క చెక్కా కలిసే చోట వెంట్రుక పట్టే సందున్నా విప్పి మళ్ళీ బిగించేవాడు. పడవ అడిగినవాడు తిట్టుకుంటూ వెళ్ళి, అయిదేళ్ళ తర్వాత ఇంకో పడవ కోసం అతని దగ్గరికే వచ్చేవాడు. ఇప్పుడు అరవైకి రెండు తక్కువ. ఈసారి అడిగింది పడవ కాదు, సముద్రాన్ని కొలిచే కర్ర. అడిగింది లాయరమ్మ.

ఆమె ఏడేళ్ళుగా తీరం కేసులు తప్ప ఇంకో కేసు ముట్టలేదు. ఈ కేసు ఇసుక యార్డు మీద. పోటు వచ్చినప్పుడు నీళ్ళు ఎక్కే గీత నుంచి రెండు వందల మీటర్ల లోపల ఏ యంత్రమూ ఇసుక తవ్వకూడదని చట్టం. యార్డువాళ్ళ మ్యాపులో పోటు గీత ఇరవై ఏళ్ళ కిందటిది. ఆ ఇరవై ఏళ్ళలో సముద్రం బాగా లోపలికి వచ్చేసింది. కాగితం మీద గుంటలు గీతకు చాలా అవతల ఉన్నాయి. నిజానికి నిండు పోటులో నురగకూ గుంటల అంచుకూ మధ్య ఒక మనిషి కేక వినబడేంత దూరమే ఉంది. అడ్డంగా ఉన్న ఇసుక దిబ్బలు లారీలెక్కి పోయాయి. పోయిన వానాకాలంలో ఒక పొద్దున అల వచ్చి మేస్త్రి అక్క ఇంటి వెనక గోడను కొట్టింది. బావ అద్దం చేత్తో పట్టుకుని గడ్డం గీసుకుంటున్నాడు. గోడ అతని మీద పడింది. మేస్త్రి చేతులతోనే ఇటుకలు లాగాడు. ముందు మోచెయ్యి కనిపించింది, తర్వాత సబ్బు నురగ అంటిన చెంప. మిగతాది చూడకుండా అక్కను పక్కకు లాగేశారు.

అక్క ఇప్పుడు ముందు రెండు గదుల్లో ఉంటోంది. ఆ వరసలో పదకొండు ఇళ్ళు. వచ్చే వానాకాలం లోపల తవ్వకం ఆగకపోతే ఆ వరస ఉండదు.

"ట్రిబ్యునల్ వాళ్ళ మ్యాపూ, మన మ్యాపూ రెండూ నమ్మనంది" అని లాయరమ్మ చెప్పింది. "వరసగా ముప్పై రోజులు, ప్రతి పగటి పోటూ ఒకే కర్ర మీద కొలవమంది. ముప్పయ్యో రోజు ట్రిబ్యునల్ పంపే కమిషనరు వచ్చి కర్ర సున్నా కదిలిందో లేదో చూస్తాడు. ఒక్క రోజు తప్పినా, సున్నా కదిలినా వాళ్ళ పాత మ్యాపే నిలుస్తుంది. ఇద్దరు ఇంజినీర్లను అడిగాను. ఒకాయన రానన్నాడు. రెండో ఆయన వచ్చాడు గానీ, కారు టైర్లు కోసేసరికి వెళ్ళిపోయాడు."

"నాకు కారు లేదమ్మా" అన్నాడు మేస్త్రి.

కాలువ సముద్రంలో కలిసే చోట కర్ర పాతారు. కర్ర పాతగానే సరిపోదు, అది కదిలిందని ఎవరైనా అంటే చూపించడానికి కదలని గుర్తులు కావాలి. ఐసు ఫ్యాక్టరీ రాతి మెట్టు మీద ఉలితో ఒక శిలువ గీత కొట్టాడు. పాత దీపస్తంభం దిమ్మె మీద ఇంకొకటి. రెంటికీ, కర్రకీ మధ్య నీళ్ళు నింపిన లెవెల్ గొట్టం పట్టి ఎత్తులు తేల్చాడు. గొట్టం ఎంత వంకరగా పడున్నా రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే ఎత్తులో నిలుస్తాయి. "లోకంలో అబద్ధమాడని లాయరు ఇదొక్కటే" అని నోరుజారి, లాయరమ్మ వైపు చూసి నాలుక కరుచుకున్నాడు. ఆమె నవ్వి, ఆ రెండు గుర్తులూ పుస్తకం మొదటి పేజీలో రాసి సంతకం చేసి, నకలు ట్రిబ్యునల్‌కు పంపింది.

మూడో గుర్తు గురించి అతను ఆమెకు చెప్పలేదు. అతనికి పని నేర్పిన ముసలి మేస్త్రి ఏ పడవకైనా మూడు గుర్తులు పెట్టేవాడు. రెండు పడవ యజమానికి చూపించేవాడు, మూడోది ఎవరికీ చెప్పేవాడు కాదు, రాసేవాడు కాదు. తెలిసిన గుర్తును కక్ష ఉన్నవాడు ఎప్పుడైనా జరపగలడని ఆయన భయం. ఆ అలవాటే శిష్యుడికీ వచ్చింది. ఆ సాయంత్రం పాటు వేళ, నీళ్ళు బాగా తగ్గాక, మేస్త్రి చిన్న పడవ మీద ఒక్కడే యార్డు జెట్టీ కిందకు వెళ్ళాడు.

ఆ జెట్టీ కట్టింది తనే. పదకొండేళ్ళ కిందట, చేపలు దించడానికని చెప్పి కట్టించుకున్నారు. తర్వాత దాని మీద చేప పొలుసు కూడా పడలేదు, ఇసుకే నడిచింది. అది తలుచుకున్నప్పుడల్లా అతను ఏదో ఒక పని కల్పించుకునేవాడు. ఆ జెట్టీలో అన్నీ ఇసుకలో నిలిచిన స్తంభాలే, ఒక్కటి తప్ప. సముద్రం వైపు మూడో స్తంభాన్ని దించుతుండగా పద్దెనిమిదో అడుగు దగ్గర అది రాయికి తగిలి గంటలా మోగింది. ఆ మోత అతనికి ఇప్పటికీ గుర్తే. గొట్టం ఒక కొస కొలకర్రకు కట్టి వచ్చాడు, రెండో కొస ఆ స్తంభానికి ఆనించి, నీళ్ళు నిలిచిన చోట పడవలకు వాడే రాగి మేకు కొట్టాడు. అది కొలకర్ర మీద నూట ఇరవై ఆరో గీతకు సరి. మేకు కింద ఆ అంకె ఉలితో చెక్కాడు. చెక్కుతుంటే పై చెక్కల సందులోంచి ఇసుక అతని భుజం మీద రాలింది. తలెత్తి చూశాడు. సందులో ఒక రబ్బరు బూటు మడమ కనిపించింది. కాసేపు కదలకుండా ఉండి వెళ్ళిపోయింది.

ఆరో రోజు యార్డు మేనేజరు ఇద్దరు మనుషులతో వచ్చాడు. మేస్త్రి మొలలోతు నీళ్ళలో నిలబడి పోటు ఆగడం కోసం చూస్తున్నాడు.

"ఏం మిల్లీమీటరూ, సముద్రానికి చొక్కా కుడుతున్నావా?"

"కొలత తీస్తున్నాను."

"ఎంతొచ్చింది?"

"రెండు మీటర్ల పద్నాలుగు."

మేనేజరు గట్టు మీదున్న మేస్త్రి క్యారేజీ విప్పి, గిన్నె తర్వాత గిన్నె నీళ్ళలో కుమ్మరించాడు. ఖాళీ గిన్నెల్ని బూటు కింద పెట్టి తొక్కాడు. "ఇప్పుడెంత?"

మేస్త్రి కర్ర వైపు చూశాడు. "రెండు పద్నాలుగే."

ఒకడు వెనక నుంచి నడుము మీద పిడిగుద్దు గుద్దాడు. మోకాళ్ళు వంగిపోయి మేస్త్రి మెడ దాకా మునిగాడు. ఎడమ చెయ్యి మాత్రం నిటారుగా పైకుంది, అందులో పుస్తకం ఉంది. వాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. ఆ రాత్రి మూత్రం ఎర్రగా పోయింది. ఏడో రోజు రీడింగు కూడా పుస్తకంలో ఉంది.

పన్నెండో రోజు వాళ్ళు నవ్వలేదు.

పోటుకు ఇంకా పావుగంట ఉందనగా క్రేను గట్టు మీదకు వచ్చి ఆగింది. దాన్ని నడిపేవాడు అక్క కొడుకు. ముప్పై ఏళ్ళ మనిషి. బకెట్టు క్రేను నడుపుతాడని వీధిలో అందరూ బకెట్టు అనే పిలుస్తారు. తండ్రి గోడ కింద పోయిన నెలకే వాడు యార్డులో చేరాడు. ఇంకెక్కడా పని లేదు మరి. మనుషులు క్రేను ఇనపతాడు తెచ్చి కొలకర్రకు చుట్టారు. మేస్త్రి రెండు చేతులతో కర్రను కావలించుకున్నాడు.

"దిగరా బకెట్టూ" అన్నాడు మేనేజరు. "మీ మావయ్యను నువ్వే ఊడబెరుకు. నీ వల్ల కాకపోతే వీళ్ళున్నారు."

వాళ్ళ చేతుల్లో ఇనప పైపులున్నాయి. మేనల్లుడు క్రేను దిగి నీళ్ళలోకి నడిచాడు.

"మావయ్యా, వదిలెయ్."

"రీడింగు అవలేదురా. పావుగంట ఆగు."

మొదటి దెబ్బ చెంప మీద పడింది. మేస్త్రి వదల్లేదు. రెండోది ముక్కు మీద. లోపల ఎముక పటుక్కుమన్న చప్పుడు అతనికి సొంత తలలోంచే వినిపించింది. నోరంతా రక్తం నిండి చేతులు జారిపోయాయి. మేనల్లుడు కాలరు పట్టి గట్టు మీదకు ఈడ్చాడు.

మేనేజరు అక్కడితో ఆగలేదు. "కొలిచే చెయ్యి ఇదేనా?" అని మేస్త్రి కుడిచేతిని పడవల తాళ్ళు కట్టే బండ మీద పెట్టి బూటుతో అదిమిపట్టాడు. ఒకడు సమ్మెట ఎత్తాడు. మేనల్లుడు అడ్డం రాబోతే రెండోవాడు పైపు వాడి మెడకు అడ్డంగా బిగించాడు. సమ్మెట పడింది. చిటికెన వేలూ ఉంగరం వేలూ బండ మీద చితికి, ఏది ఎముకో ఏది గోరో తెలియకుండా అయ్యాయి. ఇనపతాడు బిగిసింది. కర్ర మధ్యలో ఫెళ్ళున విరిగి, గీతలతో సహా నీళ్ళ మీద తేలుతూ పోయింది.

చుట్టుపక్కల వాళ్ళు చెబితే భార్య పరుగెత్తుకొచ్చింది. అప్పటికి యార్డువాళ్ళు లేరు. ఆమె కొంగు చింపి చేతికి చుట్టబోయింది.

"ఆగు" అన్నాడు మేస్త్రి. "నీళ్ళింకా ఎక్కుతున్నాయి."

"నెత్తురు పోతోందయ్యా."

"పోటు ఆగిన చోట ఆ దుంగకు మేకు కొట్టు. నా సంచిలో ఉంది. నీళ్ళు తిరుగుముఖం పట్టాకే కదులుతాను."

గట్టు అంచున నిలువునా పాతిన పాత దుంగ అది. ఆమె ఒక చేత్తో అతని మణికట్టు బిగించి, రెండో చేత్తో సుత్తి పట్టుకుని నీళ్ళ అంచు చూస్తూ కూర్చుంది. తిడుతూనే ఉంది. తన పెళ్ళి చేసినవాళ్ళనీ, లాయరమ్మనీ, సముద్రాన్నీ, ఎవర్నీ వదలలేదు. నీళ్ళు ఒక చోట ఆగి వణికినట్టు నిలిచాయి. ఆమె మేకు కొట్టింది. రెండు దెబ్బలకే దిగింది.

"నిటారుగానే కొట్టావు" అని మేస్త్రి స్పృహ తప్పాడు.

ఆసుపత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. పోలీసు స్టేషనులో 'బండ మీద జారి పడ్డాడు' అని రాసుకున్నారు. మర్నాడు పొద్దున్నే కట్టుతోనే వచ్చి మేస్త్రి రెండో కర్ర పాతాడు. ఒక కర్ర చెయ్యమంటే రెండు చేసి పెట్టుకోవడం అతని పద్ధతి. భార్య గొట్టం ఒక కొస పట్టుకుంది, తను ఎడమ చేత్తో రెండో కొస. ఐసు ఫ్యాక్టరీ మెట్టు నుంచి, దీపస్తంభం దిమ్మె నుంచి సున్నా సరిచూసి, దుంగ మీది మేకు ఎత్తు తేల్చారు. పన్నెండో రోజు అంకె భార్య రాసింది. ఆ పుస్తకంలోని అంకెల్లో వేరే చేతిరాత అదొక్కటే.

ఇరవయ్యో రోజు పొద్దున పదింటికి తవ్వే యంత్రం వచ్చి దీపస్తంభం దిమ్మెను పునాదితో సహా పెళ్ళగించింది. అక్కణ్ణుంచి ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళారు. అడ్డొచ్చిన వాచ్‌మన్ దవడ పగలగొట్టి, డ్రిల్లింగు యంత్రంతో రాతి మెట్టును కంకర చేశారు. అదే గంటలో లాయరమ్మ ఆఫీసు కిటికీలోంచి ఇటుక వచ్చింది. నుదుటి మీద ఆరు కుట్లతో ఆమె సాయంత్రం మేస్త్రి ఇంటికి వచ్చి, మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టలేక పట్టుకునే కూర్చుంది.

"వాళ్ళ లాయరు పిటిషను వేశాడు. పన్నెండో రోజు తర్వాత కర్రను కావాలనే జానెడు దించి పాతారట. కాదని చూపించడానికి మనకిప్పుడు ఒక్క గుర్తూ లేదు."

"ఒకటుందమ్మా" అన్నాడు మేస్త్రి. చెప్పాడు.

ఆమె అంతా విని, "ఎక్కడ రాశారు?" అంది.

"రాయలేదు. మూడోది రాయకూడదు."

"ఎవరన్నారు?"

"మా గురువు."

"మీ గురువు ట్రిబ్యునల్లో ఎప్పుడైనా నిలబడ్డాడా?" ఆమె గొంతు పెరగలేదు, కానీ కుట్ల కింద నరం కొట్టుకుంది. "మేస్త్రి గారూ, రాయని గుర్తు కోర్టుకు గుర్తే కాదు. నిన్న కొట్టారంటారు. మీరు వేళ్ళు పోగొట్టుకుని చేసిన పనంతా మీ నోరు మూతపడినందుకు పోతుంది. మీరు కొడుతుంటే చూసినవాళ్ళెవరైనా ఉన్నారా?"

మేస్త్రి చేతి కట్టు సర్దుకున్నాడు. "ఉన్నాడు."

పేరు చెప్పక ముందే భార్యకు అర్థమైంది. "వాడా? నీ మూతి పగలగొట్టినవాడా సాక్షి?"

మర్నాడు సాయంత్రం రీడింగు అయ్యాక అతను అక్క ఇంటికి వెళ్ళాడు. వెనక గోడ ఉన్న చోట టార్పాలిను కట్టి ఉంది, గాలికి కొట్టుకుంటోంది. మేనల్లుడు గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు కడుగుతున్నాడు. పన్నెండో రోజు నుంచి అక్క కొడుకుతో మాట్లాడటం మానేసింది.

"రా తమ్ముడూ" అంది. "ఎవరి కోసం వచ్చావో వాడితోనే మాట్లాడుకో. నాకు వాడితో మాటల్లేవు."

మేస్త్రి మెట్టు మీద కూర్చున్నాడు. "మొదటి రోజు నేను జెట్టీ కింద ఉండగా పైన నిలబడింది నువ్వే."

మేనల్లుడు కడుగుతున్న బూటు బోర్లించాడు.

"ఆ బూటు మడమ చీలితే సైకిలు ట్యూబు ముక్క అతికించింది నేనే కదరా. చెక్కల సందులోంచి ఆ అతుకు కనబడింది."

"నేనే."

"వాళ్ళకు చెప్పలేదేం?"

"నీ మూడో గుర్తు సంగతి ఎవరికీ తెలీదని నువ్వనుకోవడమే. నీ షెడ్డులో పెరిగినవాడికి తెలీదా? చెప్పుంటే ఆ సాయంత్రమే పీకేసేవాళ్ళు."

"అది కమిషనరు ముందు చెప్పాలి నువ్వు."

"చెబితే నన్ను బతకనివ్వరు మావయ్యా."

అక్క వంగి తడి బూటు తీసుకుంది. కొడుకు ముఖం మీద కొట్టింది. ఇంకోసారి కొట్టింది. "మీ నాన్న అద్దం ఇంకా ఆ ఇటుకల కిందే ఉందిరా" అంటూ మూడోసారి ఎత్తింది. వాడు చేతులు అడ్డం పెట్టుకోలేదు. పెదవి చిట్లి రక్తం గడ్డం మీదకు కారింది. మేస్త్రి ఎడమ చేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"చాలక్కా. వాడి నోరు పగిలితే చెప్పేదెవరు?"

ఆమె బూటు వదిలేసి టార్పాలిను అవతలికి వెళ్ళింది.

"నేను కొట్టకపోతే వాళ్ళు పైపులతో తల మీద మొదలుపెట్టేవాళ్ళు" అన్నాడు మేనల్లుడు.

"తెలుసు. మొదటిది వాళ్ళకు చూపించడానికి. రెండోది?"

వాడు తన పిడికిళ్ళు చూసుకున్నాడు. "నువ్వు వదల్లేదు. ఎంతకీ వదలకపోయేసరికి కోపం వచ్చింది. నాన్న పోయినప్పట్నుంచీ ఉన్నదంతా వచ్చేసింది."

"ఇంకా ఉందా?"

"ఉంది."

"ముప్పయ్యో రోజుకు దాచిపెట్టు" అని మేస్త్రి లేచాడు.

ముప్పయ్యో రోజు పాటు పొద్దున ఆరూ నలభైకి. కమిషనరు ఆ సరికే వచ్చాడు. రిటైరైన ఇంజినీరు, లవంగం నములుతూ మాట తక్కువగా ఉండే మనిషి. వెంట ఇద్దరు పోలీసులు వచ్చి సముద్రం అందం చూస్తూ నిలబడ్డారు. యార్డు లాయరు కంకర కుప్పనూ, పెళ్ళగించిన దిమ్మెనూ చూపించి, "సున్నా ఎక్కడుందో వీళ్ళే చెప్పాలి" అన్నాడు.

"జెట్టీ కింద ఉందండి" అన్నాడు మేస్త్రి.

మేనేజరు ముందుకొచ్చాడు. "అది మా జెట్టీ. పర్మిషను లేకుండా ఎవరూ కిందకు దిగడానికి లేదు."

"అవసరమైన చోటల్లా చూడమని నా ఆర్డరులో ఉంది" అని కమిషనరు ప్యాంటు మడిచి మేస్త్రి పడవెక్కాడు.

జెట్టీ కింద నీడలో చెక్కల సందుల నుంచి వెలుగు గీతలు గీతలుగా పడుతోంది. సముద్రం వైపు మూడో స్తంభం. మేకు తల పచ్చగా చిలుం పట్టి ఉంది. నూట ఇరవై ఆరు అని చెక్కిన గంట్లలో బియ్యపు నూకంత గుల్లలు మొలిచాయి, పడవల అడుగున అంటుకునేవి. కమిషనరు వేలితో తడిమి చూశాడు.

"మొన్న కొట్టిన మేకే" అని పై నుంచి యార్డు లాయరు అన్నాడు.

"మొన్నటి మేకుకు ఇంత చిలుం పట్టదు" అన్నాడు కమిషనరు. "అయితే మొదటి రోజుదేనని చిలుం సాక్ష్యం చెప్పదు. మీరు కొడుతుండగా ఎవరైనా చూశారా?"

పైన క్రేను ఇంజను ఆగింది. ట్యూబు అతుకు ఉన్న బూట్లు క్రేను నిచ్చెన దిగడం సందుల్లోంచి కనిపించింది.

"నేను చూశాను సార్. కర్ర పాతిన రోజు సాయంత్రం. అప్పుడు నేను నింపుతున్నది పన్నెండో లారీ, రిజిస్టరులో ఉంటుంది. బకెట్టు ఆపి, దిగి చూశాను. మావయ్య గొట్టం పట్టుకుని ఈ మేకే కొట్టాడు."

మేనేజరు చేతిలో లారీ గొలుసు బిగించే ఇనప కడ్డీ ఉంది. అది మేనల్లుడి మూతి మీద అడ్డంగా పడింది. రెండు పళ్ళు చెక్కల మీద రాలాయి, ఒకటి సందులోంచి జారి పడవలో పడింది. వాడు తూలి, నిలదొక్కుకుని, మేనేజరును కొట్టాడు. ఈసారి ఒక్కటే కొట్టాడు. మేనేజరు జెట్టీ అంచు దాటి వెల్లకిలా బురదలో పడ్డాడు. పైపుల వాళ్ళు వచ్చిపడ్డారు. మేనల్లుడి మోచెయ్యి విరిగిన చప్పుడు జెట్టీ కిందకు స్పష్టంగా వినిపించింది. కమిషనరు లవంగం ఉమ్మేసి, తలెత్తి, "కానిస్టేబుల్స్, సముద్రం ఎక్కడికీ పోదు, ఇటు చూడండి" అన్నాడు. అప్పుడు కదిలారు పోలీసులు. కమిషనరు తన పుస్తకంలో టైము వేసి రాసుకున్నాడు, ఏడూ పది.

ఈలోగా ఒకడు సమ్మెటతో బురదలోంచి స్తంభం దగ్గరికి వచ్చాడు. మేస్త్రి అతన్ని గుర్తుపట్టాడు, ఆ సమ్మెటనూ గుర్తుపట్టాడు.

"కొట్టు నాయనా" అన్నాడు. "మూడు దూలాలు దీని మీదే ఉన్నాయి. పైన రెండు లారీలు నిండుగా ఉన్నాయి. కట్టినవాణ్ణి నేనే, నాకు తెలుసు. ముందు నువ్వే కింద ఉన్నావు."

వాడు తలెత్తి చెక్కల వైపు చూశాడు. సమ్మెట దించాడు.

మేనల్లుణ్ణి ఆసుపత్రికి పంపారు. అక్క వెంట వెళ్ళింది. జీపెక్కేటప్పుడు వాడి తల ఒళ్ళో పెట్టుకుని, "నొప్పిగా ఉందా?" అని అడగడం మేస్త్రి విన్నాడు. పద్దెనిమిది రోజుల తర్వాత కొడుకుతో ఆమె మంచిగా అన్న మొదటి మాట అది.

కమిషనరు ముక్కాలి పీట మీద లెవెల్ యంత్రం బిగించి మేకునూ కర్రనూ మూడుసార్లు చూశాడు. "జానెడు కాదు. తేడా మూడు మిల్లీమీటర్లు."

"మూడా?" మేస్త్రి ముఖం వాడిపోయింది. "ఎటువైపండి?"

"కర్ర మూడు కిందకుంది. గొట్టంతో చేసిన పనికి అదేం లెక్క కాదు."

"ఎడమ చేత్తో మొదటిసారి పాతాను. అయితే పదమూడో రోజు నుంచి నా అంకెలన్నీ మూడు ఎక్కువ. పన్నెండోది మెట్టు నుంచి తేల్చింది, అది సరే. మిగతావి తగ్గించి రాయండి."

లాయరమ్మ కళ్ళు మూసుకుంది. "మేస్త్రి గారూ, మిమ్మల్ని ఎవరూ అడగలేదు."

"కర్ర అడిగిందమ్మా."

కమిషనరు పదమూడో రోజు నుంచి ప్రతి అంకె పక్కనా ఎర్ర సిరాతో దిద్ది సంతకం పెట్టాడు. ఒక్కో సంతకం కాగానే పేజీ తిప్పడం మేస్త్రి భార్య పని. దిద్దినా ఒడ్డు మీద పోటు గీత కదిలింది బెత్తెడే. గుంటలన్నీ రెండు వందల మీటర్ల లోపలే, అన్నిటికన్నా దగ్గరిది నూట పదహారు మీటర్లలో ఉంది. "సున్నా నిలిచింది, లెక్క చెల్లుతుంది, తవ్వకం ఇవాళే ఆపాలి అని నా రిపోర్టు" అన్నాడు కమిషనరు యార్డు లాయరు వైపు చూడకుండా. "ఇక చివరి రీడింగు ఒక్కటే."

పన్నెండూ యాభైకి పోటు నిండింది. మేస్త్రి మొలలోతు నీళ్ళలో వంగి, కన్ను నీళ్ళ అంచుకు సమంగా పెట్టి చూశాడు. గట్టెక్కి, పుస్తకం మోకాలి మీద పెట్టుకుని ఎడమ చేత్తో రాశాడు, రెండు మీటర్ల పదకొండు. దాని కింద తనే మూడు మిల్లీమీటర్లు తగ్గించాడు. సిరా ఆరే దాకా ఊదాడు.

తర్వాత భార్యా తనూ కలిసి కర్ర ఊడదీశారు. అంటిన నాచును తడిగుడ్డతో తుడిచి, గీతలన్నీ ఉన్నాయో లేదో బొటనవేలితో కింది నుంచి పై దాకా తడిమి చూసుకున్నాడు. పుస్తకం మీద కర్ర పెట్టి రెండూ కలిపి కమిషనరు చేతికిచ్చాడు. కమిషనరు రసీదు రాసి సంతకం చేసి ఇచ్చాడు. మేస్త్రి దాన్ని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, గొట్టంలోని నీళ్ళు గట్టు మీద ఒంపేసి గొట్టాన్ని చుట్టగా చుట్టుకున్నాడు.